మనోరాజ్యం: అమెరికాలో పగటికలల పరిశోధన, దాని చరిత్ర

మన భాషలో పగటికలలకు పేర్లు తక్కువేమీ కాదు. గాలిమేడలు అంటాం. ఆకాశహర్మ్యాలు అంటాం. కాస్త వేదాంతం ఒంటబట్టినవారు మనోరాజ్యం అంటారు. పుస్తకం ముందు పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్న పిల్లవాణ్ణి "ఏ లోకంలో ఉన్నావురా?" అని అడగని తెలుగు ఇల్లు ఉండదు. ఇక "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్న సామెత ఎరగనివారు మనలో ఎవరూ ఉండరు. ఇన్ని మాటలున్నా వీటిలో ఒక్కటి కూడా బాధ పేరు కాదు. అన్నీ ఎగతాళి కోసమో, మందలింపు కోసమో పుట్టిన మాటలే.

మనం వచ్చి స్థిరపడిన ఈ దేశంలో పగటికలను ప్రయోగశాలకు ఎక్కించారు. సుమారు నూట ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడి మనస్తత్వ శాస్త్రజ్ఞులు దాన్ని ఒకసారి పట్టుకుని, ఒకసారి వదిలేసి, మళ్ళీ పట్టుకుని పరిశీలిస్తూ వచ్చారు. పగటికల వరమా, దుర్గుణమా, జబ్బా అన్న ప్రశ్నకు వారిచ్చిన జవాబు కాలాన్నిబట్టి మారుతూ వచ్చింది. ఆ కథ తెలుసుకోవటం వినోదానికి మాత్రమే కాదు. రోజులో సగం కాలం తన ఊహలోనే గడిపేసి, ఆ సంగతి భార్యకో భర్తకో తల్లిదండ్రులకో చెప్పుకోలేక సిగ్గుతో దాచుకునే మనుషులు ఉన్నారనీ, వారిని చాలాకాలం ఎవరూ నమ్మలేదనీ ఆ చరిత్రవల్లనే తెలుస్తుంది. అటువంటివారు మన ఇళ్ళలోనూ ఉండవచ్చు.

సోమశర్మ తండ్రి

ముందు మన పాత కథను ఒకసారి గుర్తు చేసుకుందాం. పంచతంత్రంలోని అపరీక్షితకారకంలో ఒక పిసినారి బ్రాహ్మణుడున్నాడు. భిక్షలో దొరికిన పేలపిండిని కుండలో పోసి చిలక్కొయ్యకు తగిలించి, దాని కింద మంచం వేసుకుని పడుకుంటాడు. కరువు వస్తే ఈ పిండికి మంచి ధర పలుకుతుంది, ఆ డబ్బుతో మేకలు కొంటాను, మేకలమీద ఆవులు, ఆవులమీద గేదెలు, ఆపైన గుర్రాలు, బంగారం, నాలుగిళ్ళ లోగిలి, భార్య, సోమశర్మ అనే కొడుకు! ఆ కొడుకు పాకుతూ గుర్రాల కాళ్ళదగ్గరకు పోతాడు. పిల్లవాణ్ణి తీసుకోమని కేకవేస్తే భార్య పనిలో పడి వినిపించుకోదు. కోపం వచ్చి ఆమెను ఒక్క తన్ను తన్నుతాడు. ఆ తన్ను పైనున్న కుండకు తగిలి పగిలి, పిండి అంతా ఒంటిమీద పడుతుంది.

ఈ కథ అరబ్బీ భాషలోని కలీలా వ దిమ్నా ద్వారా పశ్చిమానికి ప్రయాణం చేసి, ఫ్రాన్సులో 17వ శతాబ్దంలో లా ఫాంటేన్ చేతిలో పాలకుండ నెత్తిన పెట్టుకున్న పల్లెపడుచు కథగా మారింది. ఈ దేశపు పిల్లలకు తెలిసినది ఆ రూపమే.

ఇందులో నీతి అందరికీ తెలిసినదే. కాని కథకుడు గమనించిన ఒక చిన్న విషయాన్ని మనం గమనించటం లేదు. ఆ బ్రాహ్మణుడు ఊహించుకోవటంతో ఆగలేదు, కాలు కదిపాడు. ఊహ ముదిరినప్పుడు శరీరం దానివెంట పోతుంది. మరొకటి, ఆ ఊహ ఒక విడి చిత్రం కాదు. వరసగా సాగిన కథ. అందులో పాత్రలున్నాయి, కోపతాపాలున్నాయి. ఈ రెండు లక్షణాలనూ అమెరికా పరిశోధకులు ఎప్పుడు గుర్తించారో ముందు చూడబోతున్నాం.

వెల్స్‌లీలో "సీరియల్ కథలు"

అమెరికాలో ఈ శాస్త్రానికి పెద్దదిక్కు హార్వర్డ్ ప్రొఫెసర్ విలియం జేమ్స్. 1890లో వెలువడిన తన మహాగ్రంథంలో ఆయన మనిషి ఆలోచనను ఏటి ప్రవాహంతో పోల్చారు. అది ఎక్కడా తెగదు, ఎక్కడా నిలవదు అన్నారు. ఆయన దగ్గర చదువుకున్నవారిలో మేరీ విటన్ కాల్కిన్స్ ఒకరు. స్త్రీ అన్న ఒక్క కారణాన హార్వర్డ్ ఆమెకు డాక్టరేటు ఇవ్వలేదు. అయినా ఆమె 1891లోనే మసాచుసెట్స్‌లోని వెల్స్‌లీ మహిళా కళాశాలలో ప్రయోగశాల స్థాపించారు. 1905లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు.

ఆ వెల్స్‌లీ ప్రయోగశాలనుంచే 1890ల మధ్యలో మేబెల్ లీరాయిడ్ అనే ఆమె ఒక చిన్న వ్యాసం ప్రచురించారు. దాని విషయం "సాగే కథ". అంటే మనిషి తనకు తానే వాయిదాల పద్ధతిలో చెప్పుకునే కథ. నిన్న ఎక్కడ ఆగిందో ఈ రోజు అక్కడినుంచి మొదలవుతుంది. అటువంటి కథ మీకు ఉన్నదా అని ఆమె చాలామందిని అడిగి జవాబులు సేకరించారు. ఉన్నదన్నవారు తక్కువమంది కాదు. కొందరికి ఆ కథ చిన్నతనంలో మొదలై ఏళ్ళ తరబడి సాగింది.

ఇది గమనార్హమైన విషయం. 21వ శతాబ్దంలో కొత్తగా కనిపెట్టామని అనుకున్న లక్షణానికి వర్ణన అప్పటికే అచ్చయి ఉన్నది. అడిగినవారు స్త్రీలు, చదివేది మహిళా కళాశాల, వ్యాసం కొద్ది పేజీలే. దాన్ని ఎవరూ ముందుకు తీసుకుపోలేదు.

1904లో క్లార్క్ విశ్వవిద్యాలయంనుంచి థియొడేట్ స్మిత్ పిల్లల పగటికలలను సేకరించి పెద్ద వ్యాసం రాశారు. పగటికల దాదాపు పిల్లలందరిలోనూ కనిపించే సహజ విషయమనీ, అతి అయినప్పుడే హాని అనీ ఆమె అభిప్రాయం. ఈనాడు చదివినా ఈ మాటలో తప్పు పట్టవలసినది లేదు.

వియన్నానుంచి వచ్చిన అనుమానం

అయిదేళ్ళ తరువాత, 1909 సెప్టెంబరులో, అదే క్లార్క్ విశ్వవిద్యాలయానికి ఒక అతిథి వచ్చారు. ఆయన సిగ్మండ్ ఫ్రాయిడ్. అధ్యక్షుడు స్టాన్లీ హాల్ ఆహ్వానంపై వచ్చి జర్మన్ భాషలో అయిదు ఉపన్యాసాలిచ్చారు. అమెరికా గడ్డమీద ఆయన కాలుపెట్టినది ఆ ఒక్కసారే.

ఫ్రాయిడ్ ఉపన్యాసాల్లో వినిపించిన మొదటి కథ, ఆయన మిత్రుడు బ్రాయర్ 1880-82 మధ్య వియన్నాలో వైద్యం చేసిన యువతిది. ఆమెకు పుస్తకంలో అన్నా ఓ అని మారుపేరు పెట్టారు. చురుకైన బుద్ధి, మంచి కుటుంబం, కాని చదువు ఆపించి ఇంట్లో కూర్చోబెట్టారు. ఆమె ఇంటిపనులు చేస్తూనే మనసులో కథలు నడుపుకునేది. దానికి తన "సొంత నాటకశాల" అని పేరు పెట్టుకున్నది. పిలిస్తే వెంటనే పలికేది గనుక ఆమె అక్కడ లేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. తరువాత తండ్రి జబ్బుపడి, ఆమె ఆయనకు సేవ చేస్తూ, చివరకు తానే తీవ్రమైన మానసిక వ్యాధిలో పడిపోయింది. ఆ వ్యాధికి ఈ పగటికలలు దారి వేశాయని బ్రాయర్ అభిప్రాయం.

ఆ యువతి అసలు పేరు బెర్తా పాపెన్‌హైమ్ అని 1953లో బయటపడింది. ఆమె తరువాతి జీవితం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అనాథ బాలికల ఆశ్రమం నడిపి, 1904లో జర్మనీ యూదు మహిళల సంఘం స్థాపించి, స్త్రీల అక్రమ రవాణామీద జీవితాంతం పోరాడింది. ఆమె మనసుకు ఒక పని దొరకలేదు గనుకనే నాటకశాల తెరుచుకున్నదని అనుకోవటానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఫ్రాయిడ్ మాత్రం 1908లో అచ్చయిన వ్యాసంలో మరో విధంగా తేల్చారు. సుఖంగా ఉన్నవాడు పగటికలలు కనడనీ, తీరని కోరికలున్నవాడే కంటాడనీ అన్నారు. కవులు, కథకులు చేసేది కూడా అదేననీ, కాకపోతే వారు దాన్ని నలుగురూ మెచ్చేట్టు తీర్చిదిద్దుతారనీ అన్నారు. ఆ వ్యాసం ప్రభావంతో పగటికల అనేది తృప్తిలేని మనిషి గుర్తుగా చాలామంది డాక్టర్లకు స్థిరపడిపోయింది.

ఇంకొక దెబ్బ 1913లో తగిలింది. జాన్ వాట్సన్ అనే శాస్త్రజ్ఞుడు, బయటికి కనపడే ప్రవర్తనను తప్ప మనస్తత్వ శాస్త్రం దేనినీ పరిశీలించరాదని ప్రకటించారు. బిహేవియరిజం అనే ఆ మతం కొన్ని దశాబ్దాలపాటు అమెరికా విశ్వవిద్యాలయాలను ఏలింది. ఎలుక ఎన్నిసార్లు మీట నొక్కిందో లెక్కపెట్టవచ్చు. మనిషి కిటికీలోంచి చూస్తూ ఏమి ఊహించుకున్నాడో లెక్కపెట్టలేం. అందుచేత అది శాస్త్రంలోనుంచి తొలగిపోయింది.

శాస్త్రం వదిలేసినదాన్ని సాహిత్యం పట్టుకుంది. 1939లో న్యూయార్కర్ పత్రికలో జేమ్స్ థర్బర్ రాసిన వాల్టర్ మిట్టీ కథ వచ్చింది. భార్య చాటున బతికే ఒక సామాన్యుడు, ఊహలో నౌకాదళాధిపతిగా, మహా శస్త్రవైద్యుడిగా వెలుగుతుంటాడు. కథ ఎంత ప్రసిద్ధమైందంటే ఆ పేరు ఇంగ్లీషులో ఒక మాటగా మారిపోయింది. మనకు సోమలింగం ఎలాగో వారికి మిట్టీ అలాగు. అక్కడా ఎగతాళే.

జెరోమ్ సింగర్ చేసిన పని

పగటికలను మళ్ళీ శాస్త్రంలోకి తెచ్చిన ఘనత జెరోమ్ సింగర్‌ది. 1924లో పుట్టి 2019లో మరణించిన ఈయన మొదట న్యూయార్క్‌లోనూ, 1970లనుంచి యేల్ విశ్వవిద్యాలయంలోనూ పనిచేశారు. 1950లలో ఈ పరిశోధన మొదలుపెట్టారు. 1961లో మెక్రేవెన్ అనే సహచరురాలితో కలిసి ప్రచురించిన సర్వేలో, చదువుకున్న అమెరికన్లలో 96 శాతం మంది రోజూ ఏదో ఒక పగటికల కంటామని ఒప్పుకున్నారు. అంటే ఫ్రాయిడ్ లెక్క ప్రకారం సుఖంగా ఉన్నవారు నూటికి నలుగురే అనుకోవాలి!

అదే సంవత్సరం సింగర్ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కదలకుండా, ఓపికగా కూర్చోవలసిన ఆట పెట్టి చూస్తే, ఊహాశక్తి ఎక్కువగా ఉన్న పిల్లలే ఎక్కువసేపు కూర్చోగలిగారు. తమలో తాము ఆడుకోగలిగిన పిల్లలకు కాలం భారం కాలేదన్నమాట.

జాన్ ఆంట్రోబస్‌తో కలిసి ఆయన చేసిన మరో ప్రయోగం చెప్పుకోదగ్గది. చీకటి గదిలో కూర్చోబెట్టి చెవులకు శబ్దాలు వినిపిస్తూ, ఫలానా శబ్దం రాగానే మీట నొక్కమంటారు. మధ్యమధ్య ఆపి, ఇప్పుడు మీ మనసులో పనికి సంబంధంలేని ఆలోచన ఉన్నదా అని అడుగుతారు. ఎంత శ్రద్ధ పెట్టినా, తప్పుకు జరిమానా వేసినా ఆ ఆలోచనలు పూర్తిగా పోలేదు. 1966లో ప్రచురించిన ప్రయోగంలో, గదిలోకి వెళ్ళేముందు కొందరికి రేడియోలో వచ్చినట్టుగా ఒక కల్పిత వార్త వినిపించారు: వియత్నాం యుద్ధంలోకి కమ్యూనిస్టు చైనా దిగింది. అది విన్నవారి మనసు మిగిలినవారికంటే ఎక్కువగా పక్కకు పోయింది. పగటికల సోమరితనంవల్ల పుట్టేది కాదనీ, మనసుకు తేలని సంగతి ఉంటే పుడుతుందనీ దీనివల్ల తెలిసింది.

సింగర్ పుస్తకం "డేడ్రీమింగ్" 1966లో వచ్చింది. ముందటేడాది 1965లోనే కొత్త వలస చట్టం అయింది. ఆ చట్టం తెరిచిన తలుపులోంచే మన డాక్టర్లు, ఇంజనీర్లు ఈ దేశానికి వచ్చారు. చిన్నప్పుడు తాను ఊహించుకున్న ఫుట్‌బాల్ వీరుడి సంగతీ, సంగీతకర్త సంగతీ సింగర్ ఆ పుస్తకంలో దాచకుండా రాశారు. అప్పటి శాస్త్రజ్ఞులలో ఇది సాహసమే.

తరువాత 344 ప్రశ్నలతో ఒక పెద్ద ప్రశ్నావళి తయారుచేసి, పగటికలలలో మూడు తీరులున్నాయని తేల్చారు. మొదటిది సుఖమైనది, పనికివచ్చేది. ముందు చేయవలసిన పనిని మనసులో నడిపి చూసుకోవటం, సరదాగా కల్పించుకోవటం ఇందులోకి వస్తాయి. రెండవది భయంతో, నేరం చేసినట్టున్న భావంతో, ఓటమి తలపులతో నిండినది. మూడవది నిలకడలేనిది, ఏ తలపుమీదా మనసు నిలవదు. ఒకే మాటతో పిలుస్తున్న మూడు వేరు వేరు సంగతులను విడదీసి చూపటం సింగర్ చేసిన గొప్ప మేలు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయపు మోరిస్ శాఖలో ఎరిక్ క్లింగర్ ఇదే దారిలో నడిచారు. విద్యార్థులకు బీపర్లు ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఆ క్షణపు ఆలోచనను రాయించారు. మనిషి మొదలుపెట్టి ముగించని పనులచుట్టూ, వదులుకోలేని ఆశలచుట్టూ పగటికల తిరుగుతుందని ఆయన సిద్ధాంతం. దేశం వదిలి వచ్చినవారి మనసు అస్తమానం ఎందుకు ఊరిమీదికి పోతుందో దీనినిబట్టి ఊహించుకోవచ్చు.

ఊహాలోలురు

సింగర్, క్లింగర్ చూపినది మామూలు మనిషి పగటికల. అందులో మునిగిపోయేవారి సంగతి మసాచుసెట్స్‌లో అనుకోకుండా బయటపడింది. షెరిల్ విల్సన్, థియొడోర్ బార్బర్ అనే ఇద్దరు హిప్నాటిజంమీద పరిశోధిస్తూ, చాలా సులభంగా హిప్నాసిస్‌లోకి పోగల 27 మంది స్త్రీలను ఎంచి, వారి జీవిత కథలు అడిగారు. పోల్చి చూడటానికి మరో 25 మందిని తీసుకున్నారు. 1981లోనూ, 1983లోనూ ప్రచురించిన ఫలితాలు చూసి వారే ఆశ్చర్యపోయారు. ఆ 27 మందిలో 26 మంది చిన్నతనంనుంచీ గాఢమైన ఊహాలోకంలో జీవిస్తున్నవారు. చాలామంది మెలకువగా ఉన్న కాలంలో సగానికి పైగా అందులోనే గడుపుతున్నారు. ఊహించిన దృశ్యం వారికి కంటితో చూసినట్టు, వాసన ముక్కుకు తగిలినట్టు ఉంటుంది. అయినా ఉద్యోగాలు చేస్తున్నారు, కాపురాలు చేస్తున్నారు. సంగతి చాలామంది భర్తలకు కూడా తెలియదు. ఇటువంటివారికి ఫాంటసీ ప్రోన్ అని పేరు పెట్టారు. మనం ఊహాలోలురు అనుకుందాం. జనాభాలో నాలుగు శాతం దాకా ఉండవచ్చని ఆ పరిశోధకుల అంచనా.

ఓహాయో విశ్వవిద్యాలయంలో స్టీవెన్ లిన్, జుడిత్ రూ ఈ పనిని 1980లలో ముందుకు తీసుకుపోయారు. మనిషి ఊహాలోలుడు కావటానికి రెండు దారులు ప్రధానంగా కనిపించాయి. కొందరికి చిన్నప్పుడు కథలు చెప్పి, ఊహలను మెచ్చుకున్న పెద్దవారు ఉన్నారు. మరికొందరికి ఒంటరితనమో, ఇంట్లో దెబ్బలో, హింసో ఉంది. తప్పించుకోవటానికి వేరే చోటు లేక వారు లోపలికి పోయారు. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఒకేలాగు కనపడతారు. ఒకరిది తోట, మరొకరిది తలదాచుకునే గుహ. ఊహాలోలురందరూ రోగులు కారనీ, అలాగని అందరూ క్షేమంగా ఉన్నారనుకోవటమూ తప్పేననీ వీరు హెచ్చరించారు.

ఒక పేరు పుట్టిన కథ

ఇక్కడినుంచి కథ ఇజ్రాయెల్‌కు పోయి, మళ్ళీ న్యూయార్క్‌కు వస్తుంది. హైఫా విశ్వవిద్యాలయంలో ఎలీ సోమర్ చిన్నతనపు గాయాలున్నవారికి చికిత్స చేస్తూ, వారిలో ఆరుగురు గంటల తరబడి కల్పిత కథల్లో మునుగుతున్నారని గుర్తించారు. 2002లో ప్రచురించిన వ్యాసంలో దీనికి మాలడాప్టివ్ డేడ్రీమింగ్ అని పేరు పెట్టారు. బతుకుకు పొసగని పగటికల అని మనం చెప్పుకోవచ్చు. వ్యాసాన్ని తోటి శాస్త్రజ్ఞులు పెద్దగా పట్టించుకోలేదు. కాని ఎక్కడెక్కడివారో ఆ పేరు చదివి, ఇది నా సంగతే అని ఆయనకు ఉత్తరాలు రాయటం మొదలుపెట్టారు. తమకున్న బాధ లోకంలో తమకొక్కరికే ఉందని అంతవరకూ అనుకున్నవారు వారు.

2009లో న్యూయార్క్‌లో సింథియా షుపాక్, జెస్సీ రోసెంతాల్ ఒక రోగి చరిత్ర ప్రచురించారు. వేరే మానసిక వ్యాధి ఏదీ లేకుండానే చిన్నతనంనుంచీ పగటికలను అదుపు చేసుకోలేకపోయిన వ్యక్తి ఆమె. అబ్సెషన్‌కు ఇచ్చే ఒక మందు ఆమెకు కొంత పట్టు ఇచ్చింది. ఒక్క రోగి అనుభవంతో మందు నిర్ణయించలేమని వేరే చెప్పనక్కరలేదు.

2011లో షుపాక్‌తో కలిసి జేన్ బిగెల్సన్ 90 మందిమీద జరిపిన పరిశీలన ప్రచురించారు. బిగెల్సన్ వృత్తిరీత్యా లాయరు. అంతేకాదు, తాను స్వయంగా ఈ బాధ పడినవారు. చిన్నప్పుడు చేతిలో దారం ఆడిస్తూ పెరట్లో గంటల తరబడి గుండ్రంగా తిరుగుతూ మనసులో కథలు నడుపుకునేదాన్నని 2015లో అట్లాంటిక్ పత్రికలో తానే రాశారు. ఆ 90 మందిలోనూ చాలామంది ఇటువంటి కదలికలే చెప్పారు. గదిలో ఇటూ అటూ నడవటం, ఊగటం, చేతిలో ఏదో ఒక వస్తువు ఆడించటం. సోమశర్మ తండ్రి కాలు కదిపిన సంగతి ఇక్కడ గుర్తుకు రాకమానదు.

వారిని బాధించేవి మూడు సంగతులని ఆ పరిశీలనలో తేలింది. ఊహలోకి పోవాలనే తహతహను ఆపుకోలేకపోవటం, చదువుకూ ఉద్యోగానికీ బంధుత్వాలకూ అడ్డం కావటం, ఎవరికీ తెలియకుండా దాచటానికి పడే సిగ్గూ శ్రమా. పరిశోధనకు విషయమైనవారే పరిశోధకులై ప్రశ్నలు అడగటం ఈ చరిత్రలో కొత్త మలుపు. డాక్టరు అడగటం ఎరగని ప్రశ్నలు వీరికి తెలుసు.

2016లో సోమర్, బిగెల్సన్, న్యూయార్క్‌లోని ఫోర్డమ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లెర్‌ఫెల్డ్, జోప్ కలిసి 14 ప్రశ్నల కొలమానం ఒకటి తయారుచేశారు. సంగీతం వింటే ఊహ రాజుకోవటం చాలామందిలో కనపడటంచేత తరువాత రెండు ప్రశ్నలు చేర్చి 16 చేశారు. 2017లో ఈ బాధ ఉన్న 39 మందిని కూలంకషంగా పరీక్షిస్తే, వారిలో నూటికి 77 మందికి అటెన్షన్ డెఫిసిట్ లక్షణాలు కూడా ఉన్నాయి. ఆందోళన, అబ్సెషన్ కూడా ఎక్కువగానే కనిపించాయి. ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక సర్వే ప్రకారం పెద్దవారిలో సుమారు 2.5 శాతం మందికి ఈ బాధ ఉంది.

ఇది స్కిజోఫ్రీనియా కాదు. ఈ తేడా అందరూ తెలుసుకోవాలి. అక్కడ రోగి తనకు వినపడే గొంతు నిజమని నమ్ముతాడు. ఇక్కడ మనిషికి తన కథ కల్పితమని పూర్తిగా తెలుసు. తెలిసీ వదలలేకపోవటమే బాధ.

అభ్యంతరాలు

దీనిని జబ్బు అనవచ్చునా అన్న వివాదం తీరలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తెచ్చిన వ్యాధుల గ్రంథంలోగాని, 2022లో సవరించిన ప్రతిలోగాని ఈ పేరు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలోనూ లేదు. అందరికీ ఉన్న మామూలు గుణానికి జబ్బు పేరు పెట్టి భయపెడుతున్నారని కొందరి ఆక్షేపణ. ఇది వేరే జబ్బు కాదు, అటెన్షన్ డెఫిసిట్, అబ్సెషన్ వంటివాటికే మరో ముఖమని మరికొందరి వాదన.

ఈ ఆక్షేపణలో బలం లేకపోలేదు. హార్వర్డ్‌కు చెందిన కిలింగ్స్‌వర్త్, గిల్బర్ట్ 2010లో ఫోన్ల సాయంతో 2,250 మందిని పలుమార్లు పలకరించి చూస్తే, దాదాపు 47 శాతం సందర్భాల్లో మనసు చేస్తున్న పనిమీద లేదు. సెయింట్ లూయిస్‌లో మార్కస్ రైకెల్ 2001లో చూపినదేమిటంటే, మనిషి ఏ పనీ చేయనప్పుడు కూడా మెదడులో కొన్ని భాగాలు ఒక క్రమంలో చురుకుగా ఉంటాయి. మనసు పక్కకు పోవటంతో ఆ భాగాలకు సంబంధం ఉందని తరువాత తేలింది. మిషిగన్‌లో రూట్-బెర్న్‌స్టైన్ దంపతులు మెకార్థర్ పురస్కారం పొందిన ప్రతిభావంతులను అడిగితే, చిన్నతనంలో కల్పిత దేశాలు నిర్మించుకున్నవారు వారిలో మామూలు విద్యార్థులలో కంటే సుమారు రెట్టింపు ఉన్నారు. ఇంత సహజమైన, ఒక్కొక్కప్పుడు ఇంత ఫలవంతమైన గుణాన్ని మందులతో అణచబోవటం తెలివితక్కువ.

కాని మరోపక్క వాదన కూడా వినాలి. అందరూ తింటారు గనుక అతిగా తినే బాధ లేదంటామా? అందరికీ దిగులు కలుగుతుంది గనుక డిప్రెషన్ లేదంటామా? ఊహ ఎంత వింతగా ఉందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మనిషి కావాలనుకున్నప్పుడు బయటికి రాగలుగుతున్నాడా లేదా అన్నది ప్రశ్న. థియొడేట్ స్మిత్ 1904లో గీసిన గీత కూడా ఇంచుమించు అదే.

మన ఇళ్ళ సంగతి

మన కుటుంబాలలో ఈ విషయం చర్చకు రాకపోవటానికి కారణాలు ఊహించటం కష్టం కాదు. పిల్లవాడికి మార్కులు వస్తున్నంతకాలం ఎవరూ పట్టించుకోరు. మార్కులు తగ్గితే బద్ధకమంటారు. గదిలో పాటలు పెట్టుకుని ఇటూ అటూ తిరిగే అమ్మాయిని చూసి "దీనికేదో పట్టింది" అని భయపడటమో, నలుగురిలో పరువు పోతుందని తలుపు వేయటమో జరుగుతుంది. పెద్దవారి సంగతి మరీ కష్టం. ఆస్పత్రిలో పేరున్న డాక్టరు, ఇల్లు చేరేసరికి అలసిపోయి, కారు గరాజులో ఆపి అరగంటసేపు వేరే జీవితం గడిపి లోపలికి వస్తే, ఆ మాట ఎవరితో చెప్పుకుంటాడు?

ఇప్పటివరకూ తేలినదానినిబట్టి చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఎగతాళి చేయరాదు. సిగ్గు పెరిగితే మనిషి మరింత లోపలికి పోవచ్చు. ఏమి ఊహిస్తున్నావని నిలదీయటంకంటే, ఆపుకోగలుగుతున్నావా, దానివల్ల బాధపడుతున్నావా అని మెల్లగా అడగటం మేలు. బాధ ఉన్నదంటే నిద్ర, శ్రద్ధ, ఆందోళన, దిగులు వంటివాటిని డాక్టరుచేత చూపించాలి, ఎందుకంటే వాటికి చికిత్సలు ఉన్నాయి. ఒంటరితనమో, స్కూల్లో వేధింపో, ఇంట్లో భయమో ఉన్నదేమో మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. ఈ బాధకంటూ ఆమోదం పొందిన మందు ఏదీ లేదు. సోమర్ బృందం 2023లో ప్రచురించిన ప్రయోగంలో, ఎప్పుడు ఊహలోకి జారుతున్నామో రోజూ రాసుకోవటమూ, మనసును వర్తమానంలో నిలిపే ధ్యానసాధనా కలిపి నేర్పితే చాలామందికి గుణం కనిపించింది.

ఈ చివరి మాట మనకు పూర్తిగా కొత్తది కాదు. 14వ శతాబ్దపు విద్యారణ్యస్వామి పంచదశిలో ద్వైతవివేకం అనే ప్రకరణం ఉన్నది. జీవుడు తన మనసుతో కల్పించుకునే లోకాన్ని ఆయన విడదీసి చూపుతూ, కామక్రోధాలను తీవ్రమైనవనీ, మనోరాజ్యాన్ని మందమైనదనీ విభజించారు. మందమైనదే కదా అని వదిలేయరాదన్నారు. దానినుంచే మిగిలిన అనర్థాలు పుడతాయన్నారు. దాన్ని జయించటానికి సమాధి చెప్పి, అంతటి శక్తి లేనివారికి ఏకాంతంలో దీర్ఘంగా ప్రణవం ఉచ్చరించమని సులువైన మార్గం కూడా చెప్పారు. అది మోక్షం కోరేవారికి చెప్పిన మాట. క్లినిక్‌లో చెప్పే మాట కాదు. రెంటినీ ఒకటిగా కలపటం తొందరపాటే అవుతుంది. అయినా ఒక్క విషయం ఒప్పుకోవాలి. విద్యారణ్యులు మనోరాజ్యాన్ని చూసి నవ్వలేదు. పేరు పెట్టారు, తరగతి చెప్పారు, దారి చూపారు.

సామెత చెప్పి నవ్వటం సులువు. లీరాయిడ్ అడిగినట్టు, సింగర్ అడిగినట్టు, నీ మనసులో ఏం జరుగుతోందని నిదానంగా అడగటానికి ఓపిక కావాలి. ఈ దేశంలో ఆ ప్రశ్న మళ్ళీ గట్టిగా అడగటానికి సగం శతాబ్దానికి పైగా పట్టింది. మన పిల్లలను, మన పక్కనున్నవారిని అడగటానికి మనకు అంతకాలం అక్కరలేదు.